మందమైన గుండె కండరం మళ్లీ తగ్గుతుంది

ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో గుండె కండరం మందమైందని చూడగానే, ఇక చేసేదేమీ లేదని మా ఆయన నీరుగారిపోయారు. అలా అనుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉంటారనే ఇది రాస్తున్నాను. బీపీ వల్ల మందమైన గోడ, బీపీ అదుపులో ఉంటే చాలామందిలో తగ్గుతుంది. కాకపోతే నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

ఆయనకి రెండు జఠరికల, అంటే గుండె కింది గదుల, మధ్య గోడ మందం 14 మిల్లీమీటర్లు ఉంది. మగవాళ్లలో 10 దాకా మామూలే. ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి ఎదురు నెట్టీ నెట్టీ, బరువులెత్తేవాడి చేతి కండలా ఎడమ జఠరిక గోడ పెరుగుతుంది. మందమైన గోడ బిగుసుకుపోయి సరిగ్గా సాగదు, రక్తం తేలిగ్గా నిండదు. మెట్లెక్కితే ఆయనకి ఆయాసం వచ్చేది అందుకే. బీపీ లేకుండానే గోడ బాగా మందంగా ఉంటే మాత్రం సంగతి వేరు. అది వంశపారంపర్యం కావచ్చు, తోబుట్టువులకీ పిల్లలకీ కూడా పరీక్ష చేయించాలి.

మందుల్లోనూ తేడా ఉంది. 2002లో వచ్చిన లైఫ్ అధ్యయనంలో లోసార్టాన్, అటెనొలాల్ అనే మందులు రెండూ బీపీని దాదాపు ఒకేలా తగ్గించాయి, కానీ గుండె మందం లోసార్టాన్‌తోనే ఎక్కువ తగ్గింది. ఎవరికి ఏది సరిపడుతుందో డాక్టరే చెప్పాలి, కిడ్నీలు, పొటాషియం కూడా చూడాలి కదా.

ఇంట్లో బీపీ చూడటం నా పని. ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి కూర్చోబెడతాను. చెయ్యి గుండె ఎత్తుకి వచ్చేలా కింద దిండు పెడతాను. పట్టీ బిగుసుకోవడం మొదలవగానే ఆయనకి ఏదో ఒక కబురు గుర్తొస్తుంది! మాట్లాడితే అంకె పెరిగిపోతుంది, అందుకే వేలు చూపించి ఆపుతాను. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ పుస్తకంలో రాస్తాను. డాక్టర్ గారు రిపోర్టుల కన్నా ముందు ఆ పుస్తకమే అడుగుతారు.

ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక టీస్పూను లోపే. గురక ఎక్కువని చెబితే నిద్ర పరీక్ష కూడా రాశారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే రాత్రిపూట కూడా బీపీ దిగదట.

ఏడాది దాటాక తీసిన ఎకోలో గోడ 12కి వచ్చింది. ఒక మిల్లీమీటరు తేడా కొలతలోనే రావచ్చు, ఇది నిజంగా తగ్గడమే అన్నారు డాక్టర్ గారు. అయితే ఒక మాత్ర తీసేద్దామా అని అడిగారు మా ఆయన. తగ్గింది ఆ మాత్రల వల్లేనని, మానేస్తే బీపీతో పాటు మందమూ తిరిగొస్తుందని గట్టిగా చెప్పి, అవే మందులు మళ్లీ రాసిచ్చారు.