దరఖాస్తులో ఒక ఖాళీ గడి

రాత్రి పదకొండు దాటింది. మా చిన్నమ్మాయి చెన్నై పియానో పోటీ దరఖాస్తు రేపటికల్లా పంపాలి, అందులో వాయించే రెండు పీసుల పేర్లు రాయాలి. మొదటి గడిలో బాఖ్ ఎనిమిదో ఇన్వెన్షన్ (రెండు చేతులూ చెరో పాట నడిపే చిన్న పీసు) అని రాసేశాను, రెండోది మాత్రం ఖాళీగానే ఉంది. ఆ గడిని చూసినప్పుడల్లా సాయంత్రం జరిగింది గుర్తుకొచ్చి నిద్ర పట్టడం లేదు.

చిన్నదానికి మోజార్ట్ సి మేజర్ సొనాటా (కొన్ని భాగాలుగా ఉండే రచన, మోజార్ట్ రచనల పట్టికలో కె. 545) మొదటి భాగం సరిపోతుందని నెల రోజులుగా అనుకుంటున్నాను. ఈరోజు క్లాసు అయ్యాక పియానో సార్ ఆ మాటను ఒక్క క్షణంలో కొట్టిపారేశారు. "అది ప్రతి పిల్లా వాయించేదే కదమ్మా, జడ్జీలు తలెత్తి కూడా చూడరు" అని, షోపాన్ ఫాంటసీ ఇంప్రాంప్టు అనే వేగమైన పీసు పెడదామన్నారు. ఉన్నది ఆరు వారాల గడువు. ఇంట్లో ఉన్నదేమో 61 మెట్ల కీబోర్డు. అసలు పియానోకు 88 ఉంటాయి, వేలికి తగిలే బరువు కూడా వేరు. ఆ షోపాన్ పీసులో కుడిచేయి చతురశ్రంలో, అంటే నాలుగేసి స్వరాలతో, పరుగెడుతుంటే ఎడమచేయి తిశ్రంలో, మూడేసి స్వరాలతో, నడవాలి. వీణ మీద నడక మార్చడానికే నాకు ఎన్నేళ్లు పట్టిందో నాకు తెలుసు. ఇవన్నీ ఒక ఎత్తు, "మన క్లాసుకు పేరొస్తుంది" అని సార్ అన్న మాట ఒక ఎత్తు. పిల్లకు ఏది నప్పుతుందన్న ప్రశ్న ఆ అరగంటలో ఒక్కసారి కూడా రాలేదు.

మోజార్ట్ 1788లో ఈ సొనాటాను తన జాబితాలో కొత్తగా నేర్చుకునేవారి కోసమని రాసుకున్న మాట నిజమే. అయినా అందులో తప్పు దాచుకోవడానికి చోటు లేదు. ఐదో బార్ (మన ఆవర్తనం లాంటిది) నుంచి కుడిచేతిలో స్వరాలు ఎక్కి దిగుతూ, ప్రతిసారీ ఒక మెట్టు కిందినుంచి మొదలవుతాయి. సి మేజర్ స్వరాలు మన శంకరాభరణానివే, అది తెలిసిన చెవికి అందులో ఏ ఒక్క స్వరం తగ్గినా తెలిసిపోతుంది. చిన్నదాని ఉంగరపు వేలు ఆ మలుపు దగ్గర కొంచెం వెనకబడుతుంది, ఆ ఒక్క స్వరం మిగతావాటికన్నా పలచగా పలుకుతుంది. స్వరాలను సాగదీసే పెడల్ తొక్కి దాన్ని కప్పేయడం కుదరదు.

ఇలాంటి పోటీకే నేను వెళ్లినప్పుడు నాకూ పదమూడేళ్లే. చిత్తూరు నుంచి తొలి బస్సులో నాన్న నన్ను తిరుపతిలో వీణ పోటీకి తీసుకొచ్చారు. పాత దుప్పటి చుట్టిన వీణ కుండను దారి పొడవునా తన ఒళ్లోనే పెట్టుకున్నారు. మా అమ్మగారు నాకోసం ఎంచినది ‘ఎందరో మహానుభావులు’. పంచరత్నాల్లోని శ్రీరాగ కృతి, పది చరణాలు. ఒక్కొక్కరికి ఇచ్చే సమయం 7 నిమిషాలని అందరికీ తెలుసు, కానీ గడియారం ఎదురుగా పెట్టుకుని ఒక్కసారి వాయించి చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాలుగో చరణం స్వరంలో ఉండగా బల్ల మీది గంట మోగింది. మీటబోయిన వేలు అలాగే ఆగిపోయింది. తాళం తీగ ఇంకా మోగుతుండగానే తరువాతి పేరు పిలిచారు. బయటికి వచ్చాక నాన్న బస్టాండులో బన్నూ టీ ఇప్పించి, "మిగతా చరణాలు నాకు వినిపించమ్మా" అన్నారు. బస్సులో ఆయనకు మాత్రమే వినబడేటట్టు పాడాను. చంద్రగిరి దాటేసరికి పదో చరణం కూడా అయిపోయింది.

ఇంతవరకు టైపు చేశాక నా మీద నాకే అనుమానం వస్తోంది. మోజార్ట్‌ను నేను ఇంత గట్టిగా పట్టుకున్నది పిల్లకు నప్పుతుందనా, మూడు నిమిషాల్లో, గంట మోగకముందే ముగుస్తుందనా? రెండోదే ఎక్కువని ఇప్పుడు అనిపిస్తోంది. సార్ తన క్లాసు పేరు చూసుకున్నారు, నేను నా భయం చూసుకున్నాను. సాయంత్రం నుంచి సార్ మీద పెంచుకున్న కోపంలో సగం నాకే చెందాలి.

ఇందాక వంటిల్లు సర్దుతుంటే చిన్నది కీబోర్డు దగ్గర కూర్చుని, అదే షోపాన్ పీసు మధ్యలో డి ఫ్లాట్ మేజర్ అనే స్వరశ్రేణిలో వచ్చే నిదానమైన పాటను ఒక్క కుడిచేత్తో వెతుక్కుంటూ వాయించింది. ఒక చోట తప్పింది, వెనక్కి వచ్చి ఆ స్వరాన్ని దొరికించుకుంది, దొరికాక దాని మీద కొంచెంసేపు నిలిచింది. నేను గిన్నె తోమడం ఆపేశాను. "సార్ చెప్పింది నచ్చిందా?" అని అడిగితే, "ఈ పాట మాత్రమే మా, ఆ పరుగులు వద్దు" అంది.

అయితే షోపాన్ నాక్టర్న్‌లలో, అంటే రాత్రిని తలపించే పియానో పీసుల్లో, నిదానంగా పాడుతున్నట్టు సాగేది ఒకటి దొరకకపోదు. వేగం లేకపోయినా సార్‌కు షోపాన్ అన్న తృప్తి ఉంటుంది. పొద్దున్నే ఆయనకు ఫోన్ చేసి, రెండు మూడు పీసులు చిన్నదానికి వాయించి వినిపించమని అడుగుతాను. నిమిషాల లెక్క ఆ తర్వాతే చూస్తాను.

గడిలో పెన్సిలుతో ‘షోపాన్’ అని మాత్రం రాసిపెట్టాను. పక్కన పీసు పేరు చిన్నదే రాస్తుంది.