అమ్మ గది మీద తెల్ల డాబా

హైదరాబాద్‌లో నూటయాభై గజాల ఇల్లు మాది. అమ్మ గది పై అంతస్తులో ఉంది. ఏప్రిల్ వస్తే చాలు, రాత్రి పదకొండింటికి కూడా స్లాబు సెగ దిగుతూనే ఉండేది. ఫ్యాన్ వేస్తే వేడిగాలే. ఏసీ అమ్మకు పడదు, మోకాళ్లు పట్టేస్తాయి.

అప్పుడే, ఆ రోజుల్లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ప్రొఫెసర్‌గా ఉన్న విశాల్ గర్గ్, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్లతో కలిసి 2012లో ప్రచురించిన పరిశోధన చదివాను. హైదరాబాద్ ప్రాంతంలోని వాణిజ్య భవనాల మీదే కొలతలు తీశారు. పూత లేని కాంక్రీటు డాబాకు తెల్లపూత వేస్తే, భవనాన్ని చల్లబరిచే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. మా ఇంట్లో ఏసీ లేకపోయినా, స్లాబులోంచి దిగే వేడి ఒకటే కదా!

ఎండను తిప్పికొట్టే పైకప్పుల కోసం తెచ్చిన 2023 నాటి తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 600 గజాల లోపు స్థలంలో కట్టిన ఇళ్లకు తప్పనిసరి కాదు. అంటే మనమే పూనుకోవాలి.

మొదటిసారి పిలిచిన పెయింటర్ పైపైన ఊడ్చి సున్నం కొట్టేసి వెళ్లాడు. తొలకరికే పెచ్చులు లేచాయి. చాలా బాధేసింది. మరుసటి ఏడు నేనే దగ్గరుండి చేయించాను. ట్యాంకు కింద పేరుకున్న నాచును ఇనుప బ్రష్‌తో గీకడానికే ఒక రోజంతా పట్టింది. పగుళ్లు పూడ్చి, డాబా పూర్తిగా ఆరనిచ్చాం. పెయింటు షాపతను పూత తెల్లగా ఉంటే చాలన్నాడు. చాలదు. ఎండను ఎంత తిప్పికొడుతుంది, పీల్చిన వేడిని ఎంత బాగా వదిలేస్తుంది, ఈ రెండూ కలిపి చెప్పేది ఎస్‌ఆర్‌ఐ అనే అంకె. అది డబ్బా మీద లేకపోతే కొనకండి.

మొదటి రోజు సగం డాబాకే రెండు కోటింగులు పడ్డాయి. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి చెప్పులు విడిచి నిలబడ్డాను. పాత కాంక్రీటు మీద రెండు క్షణాలు కూడా ఆగలేకపోయాను. తెల్లవైపు గోరువెచ్చగా ఉందంతే. అక్కడే నిలబడి అమ్మను పిలిచాను.

తెలుపు మీద దుమ్ము పడితే పనితనం తగ్గుతుంది, అందుకే వేసవికి ముందు కడుగుతున్నాం. ‘ఇక వడియాలు ఎండవేమోరా’ అని అమ్మ బెంగపడింది. ఆ తెల్లడాబా మీదే చీర పరిచి పెట్టింది. ఎప్పటిలాగే ఎండాయి. ఇప్పుడు రాత్రి పదింటికల్లా నిద్రపోతోంది.