ఆరు వేల కాయల ల్యాప్‌టాప్

మా తమ్ముడికి ఏ లెక్కయినా కొబ్బరికాయల్లో చెబితేనే తెగుతుంది. మోటారు కాలిపోతే రీవైండింగు ఇన్ని వందల కాయలు, పెళ్ళికెళ్తే చదివింపులు ఇన్ని కాయలు. 2024 జూలైలో వాడి కూతురికి కాకినాడలో ఇంజినీరింగు సీటొచ్చింది, సివిల్. ల్యాప్‌టాప్‌కి యాభై వేలు దాటుతుందని నేననగానే అరుగు మీద కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకుని, "ఆరు వేల కాయలే అక్కా!" అన్నాడు. అప్పుడు వాడికి వెయ్యి కాయలు తొమ్మిది వేలకి కాస్త లోపుగా వెళ్ళాయి. వాడి మూడెకరాల తోటకి అది రెండు దింపుల పంట. దింపుకూలి, ఒలుపుకూలి తియ్యకుండానే.

"కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట ల్యాప్‌టాప్ పెట్టుకుని కట్టాడా?" అని కూడా అడిగాడు. 1852లో ఆనకట్ట పూర్తి చేసిన మనిషి దగ్గర లేని వస్తువు తన కూతురికి మొదటి ఏడాదే ఎందుకని వాడి బాధ. పిల్ల మూతి ముడుచుకుంది గానీ, వాడి మాటలో సగం న్యాయం ఉందండి. మొదటి సంవత్సరం డ్రాయింగు చాలా కాలేజీల్లో ఇప్పటికీ బోర్డు మీద షీటు అంటించి, డ్రాఫ్టరు బిగించి చేత్తో గీయాల్సిందే. ఆ ఏడాది ల్యాప్‌టాప్‌తో పడే పనల్లా సీ ప్రోగ్రాములు, పీడీఎఫ్‌లు, రాత్రిళ్ళు సినిమాలు. సీటు వచ్చిన మర్నాడే పరిగెత్తి కొనక్కర్లేదు. మమ్మల్ని ఆపింది మాత్రం తెలివి కాదు, ఆషాఢం. శ్రావణం వచ్చేదాకా ఇంట్లోకి కొత్త వస్తువు రాకూడదని మా అమ్మ పట్టుబట్టింది. ఆ నెల రోజుల్లో పిల్ల సీనియర్లని అడిగి ఏ ఏడాది ఏ సాఫ్ట్‌వేర్ పడుతుందో కాగితం మీద రాసుకొచ్చింది. దుకాణంలో మాకు అందరికంటే ఎక్కువ పనికొచ్చింది ఆ కాగితమే.

నేను అమలాపురం దగ్గర ఓ సెంటర్లో జిరాక్సు, నెట్ షాపు నడుపుతాను. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టించుకోడానికి వచ్చినవాళ్ళందరూ చివర్న బల్ల మీదకి వంగి, "మేడమ్, ఏ ల్యాప్‌టాప్ కొనమంటారు?" అని అడిగి వెళ్తారు. ప్రింటరు బాగుచేసుకునే ఆవిడకి అన్నీ తెలుసని వాళ్ళ నమ్మకం. నాకు తెలిసింది తక్కువే, అదీ చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నది.

2020లో లాక్‌డౌన్ క్లాసులకని మా అబ్బాయికి 32 వేలు పెట్టి ఒకటి కొన్నాను. కంపెనీ పేరెందుకులెండి. రంగు బాగుంది, స్క్రీను పెద్దది, ఒక టీబీ హార్డ్ డిస్కు. ఆన్ చేసి, టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. ఆర్నెల్లు చూసి హార్డ్ డిస్కు తీయించి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు) వేయిస్తే ప్రాణం లేచొచ్చింది. ర్యామ్, అంటే తెరిచిన పనులన్నీ పట్టి ఉంచే మెమరీ, 4 జీబీ. అదీ పెంచుదామని వెనక మూత విప్పించాను. రిపేరు కుర్రాడు లోపలికి ఒక్క చూపు చూసి మూత మళ్ళీ బిగించేశాడు. ర్యామ్ చిప్పులు మదర్‌బోర్డుకే అతికించేసి ఉన్నాయి, ఖాళీ స్లాటు లేదు. అమ్మినవాడు చెప్పలేదు, నేను అడగలేదు. డిగ్రీ మూడేళ్ళూ మావాడు జూమ్ తెరవాలంటే క్రోమ్ మూసి, క్రోమ్ తెరవాలంటే వర్డ్ మూసి లాక్కొచ్చాడు.

అంచేత మేనకోడలి దగ్గరికొచ్చేసరికి నాకొకటే పంతం. మూత విప్పితే ఇంకో ర్యామ్ పట్టే స్లాటు ఉండాలి. మిగతావన్నీ బేరమాడొచ్చు.

తమ్ముడి పంతం వేరే. వాడి తోట పక్కాయన కొడుకు కీబోర్డు కింద ఎర్ర లైట్లు వెలిగే గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాడు. "మనదీ అలాంటిదే ఉండాలక్కా, పిల్ల చిన్నబోకూడదు" అన్నాడు. ఆరు వేల కాయలకి గుండె పట్టుకున్నవాడే ఎర్ర లైట్లకి తొమ్మిది వేల కాయలకి సిద్ధపడ్డాడు, చూశారా! ఆ కుర్రాణ్ణే పిలిచి, బ్యాగు మా పిల్ల భుజానికి తగిలించమన్నాను. మిషను రెండుకిలోల మూడొందలు, ఇటుకంత చార్జరు అదనం. హాస్టల్ మూడో అంతస్తు. "బ్యాటరీ ఎంతసేపొస్తుంది?" అంటే, "మూడు గంటలు ఆంటీ, ప్లగ్గు దగ్గరే కూర్చుంటా" అన్నాడు. పిల్ల మాట్లాడకుండా బ్యాగు దింపేసింది.

సివిల్‌కి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలని కొట్టువాళ్ళంటారు. ఆటోక్యాడ్‌లో ప్లాను గీతలు గీసుకోడానికి ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్సే చాలు. తర్వాత రెవిట్ (భవనాన్ని త్రీడీలో కట్టి చూపేది), స్టాడ్ ప్రో (కట్టడం బలం లెక్కేసేది) లాంటివి వచ్చినప్పుడు ముందు అడిగేది ర్యామ్‌ని. ఇంకో సంగతి, ఆటోక్యాడ్‌కి మ్యాక్‌లో నడిచే రకం ఉంది గానీ రెవిట్‌కి లేదు. కాబట్టి ఆపిల్ మోజున్న సివిల్ పిల్లలు ఆ మోజు కంప్యూటర్స్ వాళ్ళకి వదిలేయడం మంచిది. సాఫ్ట్‌వేర్ కొనాలేమోనని తమ్ముడు ఇంకా కాయలు లెక్కేసుకుంటుంటే, ఆటోక్యాడ్, రెవిట్ చేసే ఆటోడెస్క్ వాళ్ళు చదువుకునే పిల్లలకి ఉచితంగానే ఇస్తారనీ, ఏడాదికోసారి రెన్యూ చేసుకుంటే చాలనీ చెప్పాక ఊపిరి పీల్చుకున్నాడు.

కొనడం కాకినాడలోనే కొన్నాం. పాడైతే మోసుకెళ్ళేది పిల్ల, అది ఉండేది అక్కడ. ముమ్మిడివరం మీదుగా, ఎదుర్లంక వంతెన దాటి, యానాం బస్సులో ముగ్గురం వెళ్ళాం. కొట్లో కుర్రాడు మర్యాదస్తుడే గానీ వాడి నోట్లోంచి "ఐ5, ఐ7, లేటెస్ట్" తప్ప వేరే మాట రాదు. "డెమో పీసు ఆన్ చెయ్యి బాబూ" అని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాను. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాన్లో మెమరీ. కింద చిన్న అక్షరాల్లో ఫామ్ ఫ్యాక్టర్ అని ఉంటుంది. మొదటి దాన్లో అక్కడ 'రో ఆఫ్ చిప్స్' అని ఉంది. అంటే మావాడి మిషను బాపతే, బోర్డుకి అతికించినవి. రెండోదీ అంతే. మూడో దాన్లో 'ఎస్ఓడిమ్', అంటే స్లాటులో గుచ్చే ర్యామ్, దాని పైన 'స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2' అని కనపడింది. నేను తమ్ముడి మోచెయ్యి నొక్కాను. వాడికేం అర్థం కాలేదు గానీ బేరం మొదలెట్టాలని మాత్రం తెలిసింది. కొన్ని మోడళ్ళలో సగం ర్యామ్ అతికించి, పక్కన ఒక స్లాటు వదులుతారు. అదీ ఫరవాలేదు. టాస్క్ మేనేజర్‌తో ఆగకుండా కంపెనీ సైట్లో ఆ మోడల్ నంబరు కొట్టి కూడా చూసుకోండి.

కుర్రాడు ఇంకోటి చూపించాడు, ఏఎండీ వాళ్ళ రైజెన్ 5 7520యు ప్రాసెసర్‌ది. "ఏడు వేల సిరీస్ మేడమ్, ఇది కొత్తది, ఐదు వేలవి పాతవి." ఇక్కడే జనం పడిపోతారు. ఆ ఏడు వేల సిరీస్ నంబర్లలో చూడాల్సింది మొదటి అంకె కాదు, మూడోది. 7520లో మూడో అంకె 2, అంటే లోపలున్నది జెన్ 2, 2019లో వచ్చిన డిజైను. కోర్లు, అంటే లోపల పనిచేసే చేతులు, నాలుగే, ర్యామ్ అతికించిందే. 7530యులో మూడో అంకె 3, జెన్ 3, కోర్లు ఆరు. పేరులో ఒక్క అంకె తేడా. బియ్యం బస్తా మీద బొమ్మ చూసి కొనరు కదా, మూతి విప్పి గుప్పెడు తీసి చూస్తారు. ఇదీ అంతే. మేం చివరికి తీసుకున్నది ఇంటెల్ 12వ తరం ఐ5, 1235యు. 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, కిలోన్నర పైచిలుకు బరువు. 52 వేలు. ఇంకో 8 జీబీ ర్యామ్ స్టిక్కు 1,900 పెట్టి విడిగా కొని అక్కడే వేయించాం. అదే మోడల్లో 16 జీబీ వేసి ఉన్నదానికి ఆరు వేలు ఎక్కువ చెప్పారు.

స్క్రీను పరీక్ష తమ్ముడే చేశాడు, తెలియకుండానే. వాడు కుర్చీలో కూర్చోడు, వెనక నిలబడి వంగి చూస్తాడు. ఒక దాని మీద పిల్ల ఫొటో పెడితే, "ఇదేంటక్కా, మొహం నెగెటివ్ రీలులా అయిపోయింది" అన్నాడు. అది టీఎన్ ప్యానెల్, పక్కకో పైకో జరిగితే రంగులు మారిపోతాయి. ఆ బాధ అంతగా లేని ఐపీఎస్ ప్యానెల్ అని అడిగి తీసుకోండి. బిల్లు రాసేముందు ఇంకొకటి అడగాలి. విండోస్ దాంతోపాటు వస్తుందా, లేక విండోస్ లేని 'డాస్' మిషనా? నాలుగు వేలు తగ్గింది కదా అని డాస్‌ది తీసుకుంటే, దొంగ విండోస్ ఎక్కించి చేతిలో పెడతారు. అలాంటివి మా షాపుకి వైరస్ తీయించుకోడానికి వస్తూనే ఉంటాయి.

తమ్ముడి ఊరు పి.గన్నవరం అవతల గోదావరి లంక. వరద తగ్గినా పాయలో ఇంకా ఎర్రనీరు పారుతోంది, తాత్కాలికంగా వేసిన దారి ఎప్పుడో కొట్టుకుపోయింది. పడవ మీద దాటాలి. వాడు రేవులో టీకొట్టు దగ్గర రెండు ఖాళీ యూరియా సంచులు అడిగి తెచ్చి, ల్యాప్‌టాప్ డబ్బాని ఒకదాంట్లో తలకిందులుగా, దాన్ని ఇంకోదాంట్లో తిన్నగా దూర్చి, పురికొసతో మూతి కట్టి, పడవలో తలపాగా మీద పెట్టుకుని కూర్చున్నాడు. "ఏంటండోయ్ అది, విత్తనాలా?" అని పడవాయన అడిగితే, "ఆయ్, ఆరు వేల కాయలండి" అన్నాడు.

ఇంటికెళ్ళి పసుపు కుంకుమ పెట్టి చార్జింగు పెట్టాక పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది. "అత్తా, జివ్వుమంటోంది." పైమూత రేకుది. నేను మణికట్టు ఆనిస్తే చీమలు పాకినట్టు సన్నగా తెలిసింది. మా అమ్మ మిషను తిరిగిచ్చేయమంది. తప్పు మిషనుది కాదు, ఇంటిది. పెంకుటింటి వైరింగులో ఎర్తు తీగే లేదు. చార్జర్లోంచి వచ్చే కొద్దిపాటి లీకేజీ కరెంటు ఎర్తులోకి పోవాల్సింది, దారి లేక రేకు మీదే ఉండిపోతుంది. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి దొడ్లో గొయ్యి తీసి, పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి నీళ్ళు పోసి, అక్కణ్ణుంచి ప్లగ్గులకి ఎర్తు తీగ లాగాడు. నాలుగడుగులు తవ్వితే నీరు తగిలే మన నేలలో ఎర్తు చక్కగా నిలుస్తుంది. ల్యాప్‌టాప్ జివ్వుమనడం మానేసింది. ఎన్నాళ్ళుగానో ఫ్రిజ్జు ముట్టుకుంటే కొడుతోందని మరదలు మొత్తుకునేది, అదీ ఆగింది. ఆ ఖర్చు ఎన్ని కాయలో తమ్ముడు చెప్పలేదు.

ఈ ఏడాది కొనేవాళ్ళకి ఒక మార్పు చెప్పాలి. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. మెమరీ కంపెనీలు సరుకు ఎక్కువగా ఏఐ డేటా సెంటర్లకి మళ్ళిస్తున్నాయి. నేను 1,900కి కొన్న స్టిక్కు ఆ ధరకి ఇప్పుడు రాదు. కాబట్టి '8 కొని తర్వాత వేయిద్దాం' అనుకునే ముందు, మీ మిషనుకి డీడీఆర్4 రకం ర్యామ్ కావాలో డీడీఆర్5 కావాలో చూసుకుని (ఒకటి ఇంకోదాంట్లో పట్టదు) స్టిక్కు ధర కనుక్కోండి. 16 జీబీ వేసి ఉన్నదే చవకపడితే అదే తీసుకోండి. స్లాటు మాత్రం ఉండాలి, నా మాట మారదు.

పాతిక వేలు దాటి పెట్టలేమనేవాళ్ళకి నేను కొత్తది చూపించను. ఆఫీసుల్లో వాడి వదిలేసిన లెనోవో థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు గట్టివి, మూత విప్పితే చాలావాటిలో ర్యామ్, డిస్కు మార్చుకోవచ్చు. ఇంటెల్ అయితే 8వ తరానికి తగ్గకూడదు. విండోస్ 11 అంతకంటే పాతవాటిని ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. బ్యాటరీ ఎంత అరిగిందో చూసి బేరమాడండి.

2025లో వెయ్యి కాయలు ఇరవై వేలు దాటినప్పుడు తమ్ముడు ఫోన్ చేసి, "ఒక్క ఏడాది ఆగుంటే మూడు వేల కాయలతో పోయేదక్కా" అన్నాడు. ఇంకా లెక్కేస్తూనే ఉన్నాడన్నమాట.

మొన్న సంక్రాంతికి పిల్ల వచ్చింది, ఇప్పుడు రెండో సంవత్సరం. అరుగు మీద కూర్చుని ఆటోక్యాడ్‌లో వాళ్ళ తోట గీసింది. గట్లు, చెట్ల వరసలు, మోటారు షెడ్డు, నీళ్ళొచ్చే బోదె. తమ్ముడు ఎప్పట్లానే వెనక నిలబడి వంగి చూశాడు. కాసేపయ్యాక గోటితో స్క్రీను మీద కొట్టి, "బోదె అటు కాదే, ఇటు" అన్నాడు. అది లేచి వెళ్ళి తోటకేసి చూసొచ్చింది. ఆ గీతలు ఎంచుకుని, అద్దంలోలా తిరగేసే మిర్రర్ కమాండ్ కొట్టింది. పాతది చెరిపేయనా అని మిషను అడిగితే, ఎస్ అంది.