కంపార్ట్‌మెంట్‌లో పటికబెల్లం

తిరుమల కొండ దిగి నాలుగు రోజులైంది. పిక్కలు ఇంకా పట్టేసే ఉన్నాయి, మేడ మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. బట్టలు ఉతికి ఆరేసి, ఇరుగుపొరుగుకి ప్రసాదం పంచి, ఇప్పటికి కూర్చున్నాను. మర్చిపోకముందే రాసుకోవాలని.

ముందు మొక్కు సంగతి చెప్పాలి. మా ఆయనకు షుగర్ బయటపడి మూడేళ్ళు. మొదటి రిపోర్టులో మూడు నెలల సగటు 9.2 ఉంది. ఆ రోజు నుంచి ఆయన నోటికి కాపలా నేనే. పంచదార డబ్బాని బియ్యం డబ్బా వెనక్కి మార్చాను, అక్కడా కనిపెట్టేశారని ఉతికిన దుప్పట్ల కిందికి మార్చాను. పెళ్ళిళ్ళకెళ్తే ఆయన ఆకు పక్కనే నా ఆకు. వడ్డించే అబ్బాయి స్వీటు తెస్తే ఆయన నోరు తెరవకముందే నేను చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. చొక్కా ఉతకడానికి వేసే వంకతో జేబులు వెతికేదాన్ని. ఒకసారి చాక్లెట్ కాగితం దొరికింది. ఆ కాగితం పుణ్యమా అని మా ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. ఇరవై రెండేళ్ళ కాపురంలో డబ్బుల దగ్గర కూడా మేం అంత గొడవ పడలేదు.

రాత్రిళ్ళు ఇంకా ఘోరం. షుగర్ ఎక్కువైనా, పడిపోయినా ప్రమాదమే, నిద్రలో చెమటలు పడితే చూసుకోమని డాక్టరు గారు ఒక్కమాట అన్నారు. ఇంకేముంది, ఒంటిగంటకోసారి మూడింటికోసారి లేచి ఆయన నుదురు తడిమి చూసేదాన్ని. ఆయన ఉలిక్కిపడి లేచి, "బతికే ఉన్నానే, పడుకో" అనేవారు. నవ్వుతూ అన్నా ఆ మాటకు నాకు ఒళ్ళు మండేది.

అలాంటి ఒక రాత్రే మొక్కుకున్నాను. స్వామీ, ఆ అంకె ఏడు లోపలికి వస్తే అలిపిరి మెట్లన్నీ ఎక్కి వస్తాను, ప్రతి మెట్టుకీ పసుపు కుంకుమ పెడతాను అని. మొక్కుకున్నాక ఆ భారం స్వామి మీద వేసి హాయిగా పడుకున్నానా అంటే, లేదు. మొక్కు స్వామికి, కాపలా నాకు. మొన్న పరీక్షలో 6.8 వచ్చింది.

"నీ మొక్కే కదా, నువ్వు నడిచి రా, నేను బస్సులో వచ్చి పైన కలుస్తాను" అంటారనుకున్నాను. అనలేదు. "నాకూ ఓ మొక్కుంది" అన్నారు. ఏంటండీ అంటే, "కొండ మీద చెప్తాను" అన్నారు.

తెల్లవారుజామునే పాదాల మండపం దగ్గర స్వామి పాదాలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేసి బయల్దేరాం. అలిపిరి నుంచి 3550 మెట్లు. నా టెన్షన్ మెట్ల గురించి కాదు, ఆయన పాదాల గురించి. షుగర్ ఉన్నవాళ్ళకు కాలికి గీసుకున్నా తెలియదు, పుండు త్వరగా మానదు. ఉత్త కాళ్ళతో వద్దు, సాక్సులు వేసుకోండి అంటే తగువు. చివరికి వేసుకున్నారు. మొదటి రెండు మండపాల దగ్గరా ఆయన్ని కూర్చోబెట్టి, సాక్సులు విప్పించి, సెల్‌ఫోన్ లైటు వేసి అరికాళ్ళు చూశాను. పక్కన ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన ముఖం గంటు పెట్టుకున్నారు.

పసుపు పెట్టడం అనుకున్నంత తేలిక కాదు. మొదటి వంద మెట్లకే నడుము పోయింది. వంగి, వేలితో పసుపు రాసి, అదే చేతిని తుడుచుకుని, ఇంకో పొట్లంలోంచి కుంకుమ తీసి బొట్టు పెట్టి, పైకి లేచేసరికి వెనకొచ్చే వాళ్ళు తగులుతుంటారు. మేం పెట్టిన మెట్టు మీదే నిలబడి సెల్ఫీలు తీసుకునే వాళ్ళు కొందరు, ఫోన్లో సినిమా పాటలు పెద్దగా పెట్టుకుని ఎక్కేవాళ్ళు ఇంకొందరు. గోవింద నామం చెప్పాల్సిన నోటితో నేను ఎన్నిసార్లు "చూసుకుని నడవండి బాబూ" అన్నానో లెక్కలేదు. వచ్చింది భక్తితోనా, తగువుకా అని నాకే అనుమానం వచ్చింది.

ఎక్కడ మొదలైందో తెలియదు, కాసేపటికి చూస్తే కుంకుమ పొట్లం ఆయన చేతిలో ఉంది. నేను పసుపు రాసి పైమెట్టుకి వెళ్తే, కింద ఆయన బొట్టు పెడుతున్నారు. నాలుగు మెట్లు అలా జరిగాయి, తర్వాత నలభై, తర్వాత ఇక లెక్కే లేదు. మాట్లాడుకోవడానికి ఊపిరి చాలేది కాదు. ఆయన చూపుడు వేలు గోరు చుట్టూ ఎర్రగా, నా వేలు పచ్చగా అయిపోయాయి. ఈ మూడేళ్ళలో షుగర్ ఊసు లేకుండా మేమిద్దరం కలిసి చేసిన పని అదొక్కటే. గాలి గోపురం చేరేసరికి తెల్లగా తెల్లారిపోయింది. నిటారు మెట్లలో పెద్ద భాగం అక్కడికే అయిపోతుంది కాబట్టి అందరూ కాళ్ళు చాపుకుని కూలబడతారు. మేమూ కూలబడ్డాం. ఆయన పాదాలు చూడాలన్న సంగతి అక్కడ గుర్తే రాలేదు.

ఆ తర్వాత కొంత దూరం చదునుగానే ఉంటుంది. ఏడో మైలు ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని, అక్కగార్ల గుడి దాటి, మోకాళ్ళ మెట్టు దగ్గరికొచ్చాం. ఈ కొండంతా స్వామే అని రామానుజులవారు పాదం మోపకుండా మోకాళ్ళ మీద ఎక్కిన చోటు. కొందరు నిజంగానే మోకాళ్ళ మీద ఎక్కుతున్నారు. మాకు రెండు కాళ్ళ మీద ఎక్కడమే గగనమైంది.

కళ్యాణకట్ట గురించి ఎక్కువ చెప్పను. తడి నేల, తోపులాట, ముందు మేమొచ్చామంటే మేమొచ్చామని అరుపులు. నేను మూడు కత్తెర్లు ఇచ్చాను. ఆయన గుండు చేయించుకుని, స్నానం చేసి, చందనం రాసుకుని వచ్చారు. పెళ్ళయ్యాక ఆయన్ని గుండుతో చూడటం ఇదే మొదలు. నవ్వొచ్చింది. అప్పుడడిగాను, మొక్కు ఏమిటని.

"నువ్వు రాత్రిళ్ళు నిద్రపోవాలని" అన్నారు.

"మరి నేను నిద్రపోవడం లేదుగా, మొక్కు తీరకుండానే గుండు చేయించుకున్నారా?"

"ముందే ఇచ్చేశా. కుబేరుడికే ఇంకా వడ్డీ కడుతున్న స్వామి, మన బాకీ ఉంచుకుంటాడా?"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మన స్వామి సంసారం మాత్రం తిన్నగా సాగిందా, భృగువు గుండెల మీద తన్నాడని అమ్మవారు అలిగి వెళ్ళిపోతే వైకుంఠం వదిలి వెతుక్కుంటూ ఇక్కడికొచ్చినవాడాయె, అని ఏదో అనబోయాను. లైనుకు టైమైందని ఎవరో తోసేశారు.

ఫోన్లు, బ్యాగు కౌంటర్లో పెట్టేసి వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లోకి వెళ్ళాం. అసలు తప్పు ఇక్కడే జరిగింది. ప్రయాణానికి ఏమేం కావాలో రెండు పేజీల జాబితా రాసుకున్న నేనే, ఆయన మందుల పర్సు, బిస్కెట్లు ఆ బ్యాగులోనే వదిలేశాను. పొద్దున మాత్ర వేసుకున్నారు, రెండు ఇడ్లీలు తిన్నారు, అన్ని మెట్లు ఎక్కారు. మేం కంపార్ట్‌మెంట్‌లోకి వెళ్ళేసరికి అంతకుముందే అన్నప్రసాదం పంచి వెళ్ళిపోయారు. తలుపుకి తాళం. కిక్కిరిసిన జనం, చంటిపిల్లల ఏడుపులు, పైన టీవీలో స్వామివారి సేవ.

గంటన్నర గడిచి ఉంటుంది. ఏదో అడిగితే ఆయన పొంతన లేని జవాబు చెప్పారు. తిరిగి చూస్తే కొత్త గుండు మీద చెమట బిందువులు, చందనం కరిగి చెంపల మీదికి కారుతోంది. చేతులు వణుకుతున్నాయి. మూడేళ్ళుగా రాత్రిళ్ళు లేచి నేను వెతుకుతున్న చెమట అదే. పట్టపగలు, అన్ని వందల మంది మధ్య, నా పక్కనే పట్టింది. నా చేతిలో ఏమీ లేదు.

లేచి నిలబడి అరిచాను. "ఎవరి దగ్గరైనా తీపి ఉందా? ఏదైనా తీపి!"

ఆ మాట అన్నది నేనే.

రెండు వరసల వెనక నుంచి ఒక పెద్దావిడ జనాన్ని నెట్టుకుంటూ వచ్చింది. గుండు, ముదురు ఎరుపు చీర, చెవులకు పెద్ద కమ్మలు. కొంగు ముడి పళ్ళతో లాగి విప్పింది. అందులో కాగితంలో చుట్టిన పటికబెల్లం ముక్కలు. దగ్గొస్తే చప్పరించడానికట. ఆయన గడ్డం పట్టుకుని, సొంత కొడుక్కి పెట్టినట్టు నోట్లో పెట్టింది. "నమలు నాయనా, నమిలి మింగు. నువ్వేందమ్మా మొగం చూస్తా నిలబడినావు, నీళ్ళియ్యి" అని నన్ను కసిరింది. ఎవరో కుర్రాడు నీళ్ళ సీసా అందించాడు. సేవకుడు ఒకాయన తాళం తీయించుకుని వెళ్ళి పాలు తెచ్చాడు. పావుగంటకి ఆయన కళ్ళల్లోకి మనిషి తిరిగొచ్చాడు. మూడేళ్ళ తర్వాత పటికబెల్లం తిన్నారు, అదీ నా కళ్ళముందే, నేను బతిమాలితే.

(షుగర్ ఉన్నవాళ్ళని తీసుకెళ్తే బ్యాగు ఎక్కడ పెట్టినా సరే, తీపి ముక్క ఒకటి జేబులో ఉంచుకోండి. కిందికొచ్చాక ఫోన్ చేస్తే, అంత నడక ఉందని ముందే చెప్పాల్సింది అని డాక్టరు గారు చీవాట్లు పెట్టారు.)

పెద్దావిడ అక్కడే నేల మీద కూర్చుంది. నేను ఏడుస్తూ జరిగిందంతా చెప్పాను, దుప్పట్ల కింది పంచదార డబ్బాతో సహా. ఆవిడ నవ్వింది.

"నేనూ మా ఇంటాయన్ను శానా ఏండ్లు కాసినా. ఆయాసం మనిషి. బీడీ ముట్టనీలే, సల్లనీళ్ళు తాగనీలే. ఆఖరికి నేను గుడికి పోయిన పూటే పోయినాడు."

ఏమనాలో తెలియక, "మరి స్వామి మీద కోపం రాలేదా అమ్మా?" అన్నాను.

"రాకేం? రెండేండ్లు కొండ ఎక్కలే. మళ్ళ ఎక్కినా. ఇంగెవుర్నని అడుగుదును?" అని కాగితంలో మిగిలిన ముక్కలు నా చేతిలో పెట్టి, గుప్పిట మూసింది.

అంతలో తలుపు తీశారు. గోవిందా అంటూ జనం ఒక్కసారిగా లేచారు. ఆ తోపులాటలో ఆవిడ ఎటు పోయిందో తెలియదు. పేరైనా అడగలేదు.

వెండివాకిలి దాటేదాకా ఆయన చెయ్యి వదల్లేదు నేను. బంగారువాకిలి దగ్గరికొచ్చేసరికి స్వామికి చెప్పుకోవాల్సినవన్నీ వరసగా గుర్తుచేసుకుంటున్నాను: ఆయన ఆరోగ్యం, అబ్బాయి చదువు, ఇంటి లోను. ముందు తలలు, ఎత్తిన చేతులు, "జరగండి, జరగండి" అనే కేకలు. దీపాల వెలుగులో తిరునామం కనిపించింది. సరిగ్గా అప్పుడే, ఆయనకు కనిపిస్తోందో లేదో, మళ్ళీ చెమటలేమైనా పట్టాయేమోనని, నేను వెనక్కి తిరిగి ఆయన వంక చూశాను. అలవాటు! అన్ని మెట్లెక్కి, అన్ని గంటలు కూర్చుని, స్వామి ఎదురుగా నిలబడి మొగుడి ముఖం చూశాను.

ఆయన నన్ను చూడటం లేదు. నేనున్నానన్న స్పృహ కూడా లేదు. నా భుజం మీదుగా లోపలికి చూస్తున్నారు. కళ్ళ నిండా నీళ్ళు, పెదవులు కదులుతున్నాయి.

మళ్ళీ ఇటు తిరిగేలోపే సేవకురాలి చెయ్యి నా భుజం మీద పడి పక్కకు లాగేసింది. ఆ లాగుడులో నాకు దక్కింది స్వామి కుడి చెయ్యి ఒక్కటే. కింద పాదాల వైపు చూపించే ఆ వరద హస్తం. చెప్పుకోవాల్సినవి ఒక్కటీ చెప్పలేదు.

విమాన వేంకటేశ్వరుడికి దణ్ణం పెట్టుకున్నాం, హుండీలో మొక్కు చెల్లించాం, లడ్డూలు తీసుకున్నాం. బస్టాండు దగ్గర గట్టు మీద కూర్చుని ఆయన ఒక లడ్డూ విరిచారు. ముందు చిన్న ముక్క తీసి నాకిచ్చారు. నేను కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, కొండ వైపు తల తిప్పుకుని కూర్చున్నాను. ఆయన ఎంత తిన్నారో చూడలేదు. చూడలేదంటే, ఒక్కసారి చూశాను.

బస్సు ఘాట్ రోడ్డు దిగుతుంటే మలుపులకి నాకు వాంతులవుతాయి, ఎప్పుడూ నిద్రపట్టదు. ఆ రోజు మొదటి మలుపులోనే ఆయన భుజం మీదికి ఒరిగిపోయానట. మెలకువ వచ్చేసరికి బస్సు అలిపిరి దాటేసింది. లడ్డూల కవరు నా ఒళ్ళో ఉంది, పైన గట్టిగా ముడి వేసి. పక్కకి చూస్తే ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నారు. గుండు మీద ఎండిన చందనం, చూపుడు వేలికి ఇంకా కుంకుమ. నుదురు తడిమి చూద్దామని చెయ్యెత్తాను. నిద్ర చెడుతుందని దించేశాను.

కవరు ముడి మాత్రం ఇంటికొచ్చి దేవుడి ముందు పెట్టేదాకా విప్పలేదు.