పద్దెనిమిది నెలల కాపలా

గత నెలలో ఇక్కడ అమెరికాలో మా ఇంటికి వచ్చిన ఒక ఉత్తరం రెండు రోజులపాటు కిరాణా కూపన్ల మధ్యనే పడి ఉంది. సన్నని తెల్ల కవరు, దాని మీద ఎక్కడో వేరే రాష్ట్రంలోని పోస్టు బాక్సు చిరునామా ఉండటంతో ప్రకటన కాబోలు అనుకున్నాం. పదేళ్ల క్రితం నేను పనిచేసిన సంస్థ ఒకటి, తన దగ్గర మిగిలి ఉన్న పాత ఉద్యోగుల వివరాలు సోషల్ సెక్యూరిటీ నంబర్లతో (ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) సహా పరాయివాళ్ల చేతిలో పడ్డాయని, అందుకుగాను 18 నెలలపాటు ఉచితంగా క్రెడిట్ మానిటరింగ్, అంటే మన పేరున ఉన్న అప్పుల చిట్టాను కనిపెట్టి ఉండి మార్పు వస్తే కబురు చేసే సేవ, ఇప్పిస్తామని అందులో తెలియజేసింది.

చోరీ ఎలా జరిగిందో మాత్రం అందులో ఒక్క ముక్క కూడా లేదు. సంస్థ దాచిపెడుతోందని మొదట కోపం వచ్చింది కాని, చట్టం తెరిచి చదివాక తెలిసింది, ఆ వివరం ఉత్తరంలో రాయకూడదని మా మసాచుసెట్స్ చట్టమే చెబుతోంది. నా దృష్టిలో ఇది పెద్ద లోపం. నష్టపోయిన మనిషికి తన వివరాలు ఏ దారిన పోయాయో తెలుసుకునే హక్కు అందరికన్నా ముందు ఉండాలి.

అయినా ఆ ఉత్తరం నాదాకా వచ్చిందంటే అది రాష్ట్రాల చట్టాల చలవే. ఇలాంటి చోరీ జరిగితే బాధితులకు తెలియజేసి తీరాలన్న చట్టాన్ని మొదట అమల్లోకి తెచ్చింది కాలిఫోర్నియా, 2003 జూలైలో. 2005లో చాయిస్‌పాయింట్ అనే సంస్థ నుంచి లక్షన్నర మంది వివరాలు మోసగాళ్లకు చేరినప్పుడు, ఆ సంస్థ ముందు కాలిఫోర్నియావాసులకే ఉత్తరాలు రాసింది. మిగతా రాష్ట్రాల నుంచి నిరసన వచ్చాకే అందరికీ తెలియజేసింది. 2018లో అలబామా, సౌత్ డకోటా కూడా చేరడంతో 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టం వచ్చింది.

తెలియజేస్తే సరిపోదని, సంస్థ తన ఖర్చుతో కాపలా కూడా పెట్టాలని నిర్బంధించిన రాష్ట్రాలు మాత్రం కొన్నే. కనెక్టికట్ 2015లో 12 నెలలు అని చట్టం చేసి, 2018లో దాన్ని 24కు పెంచింది. ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ బ్యూరో (జనం అప్పుల చరిత్ర రాసి ఉంచే సంస్థ) నుంచి దాదాపు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయిన 2017 నాటి ఉదంతం తరువాత, మసాచుసెట్స్ 2019 ఏప్రిల్ నుంచి 18 నెలలు తప్పనిసరి చేసింది. చోరీ క్రెడిట్ బ్యూరోలోనే జరిగితే 42 నెలలు. ఈ సేవ తీసుకోవాలంటే కోర్టుకు వెళ్లే హక్కు వదులుకోవాలని షరతు పెట్టకూడదని కూడా ఈ చట్టం స్పష్టంగా చెప్పింది. ఆ ఒక్క వాక్యం రాసినవారికి నేను కృతజ్ఞుణ్ణి.

కాని సోషల్ సెక్యూరిటీ నంబరు 18 నెలల తరువాత మారదు కదా. దొంగిలించినవాడు రెండేళ్లు ఓపిక పట్టి ఆ తరువాత వాడుకున్నా అది నా నంబరే. పైగా నా పేరున ఎవరో అప్పు అడిగాకో తీసుకున్నాకో మాత్రమే మానిటరింగ్ కబురు పంపుతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. నా పేరున ఎవరైనా దొంగ పన్ను రిటర్ను దాఖలు చేస్తే ఆ మాత్రం కబురు కూడా రాదు.

కొత్త అప్పును ముందే అడ్డుకునేది క్రెడిట్ ఫ్రీజ్, అంటే కొత్తగా అప్పిచ్చేవారికి మన అప్పుల చరిత్ర కనిపించకుండా బ్యూరో తాళం వేయడం. ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో దీనికి రుసుము ఉండేది. 2018 సెప్టెంబరు 21 నుంచి ఫెడరల్ చట్టం దేశమంతటా ఉచితం చేసింది. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు బ్యూరోలకూ విడివిడిగా చెప్పుకోవాలి. ఆన్‌లైన్‌లో గాని ఫోనులో గాని అడిగితే ఒక్క పనిదినంలో పెట్టాలి, తీయమంటే గంటలో తీయాలి.

టెక్సాస్‌లో ఉంటున్న మా బావమరిది కూడా అదే సంస్థలో పనిచేశాడు. ఫోన్ చేసి అడిగితే, "అదేదో ప్రకటన అనుకుని చింపేశాను బావా" అన్నాడు. ఆ రాత్రి ఫోనులోనే అతని చేత మూడు చోట్లా ఫ్రీజ్ పెట్టించాను. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. పదహారు లోపు పిల్లలకు తల్లిదండ్రులే ఫ్రీజ్ పెట్టించవచ్చు కాని, దానికి కాగితాలు పోస్టులో పంపాలి. శనివారం దాని జనన ధ్రువపత్రం నకళ్లు మూడు కవర్లలో పెట్టి పంపించాను.