వేసవిలో గేదె ఎద ఎందుకు దాస్తుంది?

మా ఇంట్లోని ముర్రా జాతి గేదె వేసవి నెలల్లో ఎద, అంటే పోతుతో జతకట్టే సిద్ధత, జాడే చూపేది కాదు. ఒక ఏడాది మే నెలలో అనుమానం మీద రెండుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూడి నిలవలేదు. దసరా దాటాక అదే గేదె అరుస్తూ, మానం నుంచి జిగురు తీగలు వేస్తూ ఎదకు వచ్చి ఒక్క సూదికే చూడి కట్టింది. "ఎండలు తగ్గనీ, అదే కడుతుంది" అని మా నాయనమ్మ అన్న మాటను అప్పట్లో ఓదార్పుగానే తీసుకున్నాను. హార్మోన్లను వదిలే అంతఃస్రావ గ్రంథుల గురించి చదివాక గాని అందులోని నిజం నాకు బోధపడలేదు.

గేదె ప్రధానంగా పగళ్లు కురచయ్యే కాలంలో కట్టే పశువు. మెదడులోని పీనియల్ గ్రంథి చీకటిలోనే మెలటోనిన్ అనే హార్మోన్‌ను స్రవిస్తుంది కనుక, రాత్రులు పెరిగే కొద్దీ ఆ స్రావం సాగే గంటలూ పెరుగుతాయి. ఆ సంకేతం మెదడులోనే ఉండే హైపోథాలమస్‌కు, అక్కడి నుంచి దాని కిందనున్న పీయూష (పిట్యూటరీ) గ్రంథికి చేరి అండాశయాలను చురుకుగా ఉంచుతుంది. వేసవిలో ఇదంతా తలకిందులవుతుంది. పీయూష గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఎక్కువగా వెలువడుతుంది, అండాశయాల నుంచి ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అనే హార్మోన్లు తగ్గుతాయి. అందువల్ల కొన్ని గేదెలు అసలు ఎదకే రావు, మరికొన్నింటిలో అండం విడుదలైనా బయటికి లక్షణాలు కనిపించవు. దీన్నే మూగ ఎద అంటారు.

వేసవిలో గొంతు దగ్గరి అవటు (థైరాయిడ్) గ్రంథి కూడా మందగిస్తుంది. అది మాత్రం లోపం కాదు, ఆత్మరక్షణ. నల్లని తోలు, పలుచని వెంట్రుకలు, ఆవుతో పోలిస్తే బాగా తక్కువ స్వేద గ్రంథులు ఉన్న గేదెకు ఒంట్లో పుట్టే వేడిని వదిలించుకోవడం కష్టం. అవటు గ్రంథి వదిలే థైరాక్సిన్ తగ్గితే ఆ వేడి పుట్టడమే తగ్గుతుంది. మేత తినడమూ, పాలూ దానితోపాటే తగ్గుతాయి. దీన్ని గేదె మొండితనంగా లెక్కగట్టే వారిని చూస్తే నాకు జాలి వేస్తుంది.

అయితే మన ప్రాంతంలో నేరమంతా వెలుతురుదే అనడం సరికాదని నా అభిప్రాయం. హైదరాబాద్‌లో అతి పొడవైన పగటికీ అతి కురచ పగటికీ తేడా సుమారు 2 గంటలే. ముర్రా పుట్టిల్లైన హర్యానాలో అది మూడున్నర గంటలు దాటుతుంది. కాబట్టి ఇక్కడ ఎండ, పచ్చిమేత కొరత ఎక్కువ పని చేస్తాయనుకుంటాను. ఇటలీలో గేదె పాలతో చేసే మొజరెల్లా జున్నుకు గిరాకీ వసంతం, వేసవుల్లో ఉంటుంది. అందుకని అక్కడి రైతులు శరత్కాలంలో పోతులను మంద నుంచి తప్పించి, ఈతలను (దూడలు పుట్టడాన్ని) వసంతం, వేసవులకు మళ్లిస్తారు. మన దేశంలో చర్మం కింద మెలటోనిన్ గుళికలు అమర్చి వేసవిలోనూ ఎద తెప్పించవచ్చని ప్రయోగాల్లో తేలింది.

సాధారణ రైతుకు అంతకంటే ముందు నీడ, మడుగు లేదా మధ్యాహ్నం రెండు మూడు సార్లు నీళ్లు చల్లడం, చల్లబడ్డాక రాత్రి మేత అవసరం. గేదెల్లో ఎద లక్షణాలు ఎక్కువగా రాత్రివేళ, తెల్లవారుజామునే కనిపిస్తాయి కనుక, పగలు పది గంటలకు కొట్టం దగ్గరికి వెళ్లి చూస్తే తెలిసేది తక్కువ. మా నాయనమ్మ నాలుగింటికే లాంతరు పట్టుకుని ఎందుకు వెళ్లేదో ఇప్పుడు అర్థమవుతోంది.