రాత్రి 3:10కి నొక్కిన అప్రూవ్

నెల రోజుల నుంచి ఇది రాయాలా వద్దా అనుకుంటానే ఉన్నా, మొన్న ఆదివారం బావతో గంటన్నర వాదన అయినాక ఇక రాసేద్దాం అనిపించింది.

నేను చేసేది ప్రొడక్షన్ సపోర్ట్, అంటే క్లయింటు రోజూ వాడుకునే అసలు సిస్టమ్ ఆగిపోకుండా చూసుకోవడం. క్లయింటు అమెరికాలో, నేను నెల్లూరు వేదాయపాళెంలో ఇంటినుంచే. సాయంత్రం 7:30కి లాగిన్ అయితే తెల్లారుజామున 4:30 దాకా. ఇది జరిగినప్పుడు నాతోపాటు ఉండే కుర్రాడికి పాప పుట్టింది, లీవు పెట్టాడు, పెట్టాలి కూడా. వాడి పగటి ఆన్‌కాల్, అంటే ఏదన్నా ఆగితే ఫోనెత్తాల్సిన డ్యూటీ, కూడా నాకే వచ్చింది. అట్ట పదకొండు రోజులు. పగలు పడుకుంటే మధ్యలో ఫోను, లేస్తే మళ్ళీ నిద్ర పట్టదు.

మా సిస్టమ్‌లోకి పోవాలంటే పాస్‌వర్డ్ కొట్టినాక ఫోనులో కూడా అప్రూవ్ నొక్కాలి. పదకొండో రాత్రి ఫోనుకి నోటిఫికేషన్ వచ్చింది, లాగిన్ అవుతుండేది నువ్వేనా అని. డినై కొట్టా. మళ్ళీ వచ్చింది, మళ్ళీ డినై. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే మా వీపీఎన్ తెగి మళ్ళీ కనెక్ట్ అవుద్ది, అప్పుడు కూడా ఇదే స్క్రీన్ వస్తాది కాబట్టి అదేమోలే అనుకున్నా. ఇంకోపక్క సిస్టమ్‌లో దానంతటదే నడవాల్సిన ఒక జాబ్ ఫెయిలయి క్లయింటు కాల్‌లో అరుస్తా ఉన్నాడు. ఆరోసారో ఏడోసారో వచ్చినప్పుడు అప్రూవ్ నొక్కేశా. టైము 3:10. ఒక పది నిమిషాలకి స్క్రీన్ కింద చూస్తే వీపీఎన్ అసలు తెగనే లేదు, అంటే నా పేరుతో లాగిన్ అయ్యింది వేరే ఎవడో. ఒళ్ళంతా చల్లబడిపోయింది. వెంటనే సెక్యూరిటీ వాళ్ళకి నేనే ఫోన్ చేసి చెప్పా, సెషన్లన్నీ తెగ్గొట్టారు, పాస్‌వర్డ్ మార్చారు, లోపలికి వచ్చినోడు ఏం ముట్టుకోకముందే బయటికి పోయాడు.

రిపోర్టులో కారణం దగ్గర "మనిషి పొరపాటు" అని రాశారు. నాకు నలభై నిమిషాల ట్రైనింగ్ వీడియో పంపారు. పదకొండు రోజుల డ్యూటీ గురించి అందులో ఒక్క ముక్క లేదు.

మా బావ చెన్నైలో సెక్యూరిటీ టీములోనే పనిచేస్తాడు. అక్కావాళ్ళు వచ్చినప్పుడు ఈ విషయం చెప్తే, "డినై కొట్టి రిపోర్ట్ చేయాల్సింది రా, అంతేగా" అన్నాడు. అంతే, కాదనను. కానీ 2022 సెప్టెంబరులో ఉబర్‌లో జరిగింది కూడా ఇదే కదా. ఒక కాంట్రాక్టర్ పాస్‌వర్డ్ దొరికినోడు మళ్ళీ మళ్ళీ లాగిన్ అవుతా ఉంటే ఆ కాంట్రాక్టర్ ఫోనుకి రిక్వెస్టులు వచ్చి వచ్చి చివరికి ఒకటి యాక్సెప్ట్ చేశాడు, ఉబర్ వాళ్ళే చెప్పారు ఆ సంగతి. విసిగించి నొక్కించడమే ఆ దాడి. తెలివైనోడా కాదా అని కాదు వాళ్ళు చూసేది, అలిసిపోయినోడు ఎవడా అని.

బావ దగ్గర దానికీ సమాధానం ఉంది. నంబర్ మ్యాచింగ్ పెడితే సరిపోద్ది, లాగిన్ అవుతుండేవాడి స్క్రీన్ మీద కనబడే అంకె ఫోన్లో కొట్టాలి కాబట్టి ఊరికే నొక్కడానికి కుదరదు, మైక్రోసాఫ్ట్ తన ఆథెంటికేటర్‌లో 2023 మేలో అందరికీ తప్పనిసరి చేసేసింది, మీవాళ్ళు ఇంకా పెట్టుకోకపోవడం వాళ్ళ తప్పు అన్నాడు. నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటా. పాస్‌వర్డే అక్కర్లేని పాస్‌కీలు వస్తే ఇంకా మంచిది. ఇంకో సంగతి కూడా నేనే చెప్తా. మా ఆఫీసులో 60 రోజులకొకసారి పాస్‌వర్డ్ మార్చమంటారు, నేను ఏళ్ళ తరబడి అదే మాట పెట్టుకుని చివర అంకె ఒక్కటే మారుస్తా వచ్చా, ఆ మాటే ఒక పాత షాపింగ్ సైటులో కూడా వాడా. తప్పు నాదే. అయితే ఇట్ట గడువు పెట్టి మార్పించొద్దు, లీకయిందని తెలిస్తేనే మార్పించండి అని అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్ళు 2017లోనే రాశారు, ఎందుకంటే మనుషులు సరిగ్గా నేను చేసిన పనే చేస్తారు.

కానీ నేను బావకి చెప్పాలనుకున్నది ఇవేవీ కాదు. ఎవడన్నా ఫోన్ చేసి ఈ అంకె కొట్టు అంటే కొట్టినోణ్ణేమో ఆ టైములో. లేదంటే ఇంకో తప్పు చేసేవాణ్ణి, టెస్ట్ అనుకుని ప్రొడక్షన్ టేబుల్ డిలీట్ చేయడమో, సర్వర్‌లోకి పోయే రహస్య కీ తీసుకుపోయి చాట్‌లో పేస్ట్ చేయడమో. 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నోడితో సమానం అని 1997లో నేచర్ పత్రికలోనే వచ్చింది. మన దేశంలో బండి నడపడానికి హద్దు 0.03. అంటే అంత నిద్రలేనోడు హైవే మీద ఊదే పరీక్షలో పట్టుబడాల్సిన స్థితిలో ఉన్నట్టు, అట్టాంటోడి చేతికి ప్రొడక్షన్ అడ్మిన్ యాక్సెస్ ఇచ్చి కూర్చోబెడతన్నాం. "అందరూ చేస్తానే ఉన్నారు కదరా" అన్నాడు బావ.

నాయన అప్పటిదాకా పేపరు చూసుకుంటా ఉన్నాడు. మాకు ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు ఉన్నాయి.

"అబ్బయా, మీ ఆఫీసులో రాత్రి కాపలా ఒక్కడేనా?"

"ఒక్కడే నాయనా."

"వాడే పగలు కూడానా?"

"ఈ మధ్య అంతే."

"అట్టయితే రొయ్యలు చచ్చిపోతాయి కదరా," అన్నాడు.

గుంటలు చూసినోళ్ళకి ఇది వెంటనే అర్థమైద్ది. నీళ్ళలో పాచి పగలు ఎండకి ఆక్సిజన్ ఇస్తాది, రాత్రి అదే తిరిగి పీల్చుకుంటాది, అందుకని తెల్లారబోయే ముందు నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటాది. సరిగ్గా అప్పుడే కాపలా మనిషికి నిద్ర ముంచుకొచ్చుద్ది. కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే జనరేటర్ వెంటనే వెయ్యాలి, లేటయితే రొయ్యలు పైకి తేలతాయి, ఆ పంట పోయినట్టే. ఒకసారి మాకు పోయింది కూడా. ఆరోజు కాపలా ఉండింది పొద్దుట్నుంచీ మేత చల్లిన మనిషే, నాయన వాణ్ణి ఒక్క మాట అనలా. తర్వాతి పంట నుంచి రాత్రికి ఇద్దరిని పెట్టాడు, ఒంటిగంట దాకా ఒకడు, తెల్లారేదాకా ఒకడు, పగలు మేత చల్లినోడు రాత్రి కాపలాకి రాకూడదు.

బావ కాసేపు ఏం మాట్లాడలేదు.

వాదన ఆడ తేలలేదు, నేను అసలు సంగతి అప్పుడు చెప్పా. ఆ పదకొండు రోజులు అయినాక తల వెనకాల నొప్పి తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి పోతే బీపీ 152/98. నాకు 33 ఏళ్ళు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఉప్పు గురించి కాదు, ఎన్ని గంటలు పడుకుంటావు అని. మామూలుగా నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం తగ్గుద్దంట, గుండెకి, రక్తనాళాలకి దొరికే విశ్రాంతి అదేనంట. వారం రోజులు ఇంట్లో పొద్దున రాత్రి చూసి రాసుకోమన్నాడు, ఇంట్లో చూసుకుంటే 135/85 దాటకూడదన్నాడు. అమ్మ ఆరోజే ఉప్పు చేపలు, మాగాయ జాడీ పై అరలో పెట్టేసింది. అక్క ఏడ్చింది.

ఇది నా ఒక్కడి గొడవ కాదని నాకు అనిపించింది ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ సంగతి మళ్ళీ చదివినప్పుడు. లినక్స్ సర్వర్లలో ఫైళ్ళ సైజు తగ్గించడానికి వాడే ఆ కంప్రెషన్ లైబ్రరీని లాసె కాలిన్ అనే ఆయన జీతం లేకుండా, దాదాపు ఒక్కడే చూసుకుంటా వచ్చాడు. మానసిక ఆరోగ్యం బాలేదు, ఎక్కువ పని చేయలేకపోతున్నా అని 2022లో మెయిలింగ్ లిస్టులో ఆయనే రాశాడు. అయినా కొందరు తొందరపెడతా మెయిళ్ళు రాశారు. పక్కన సాయానికి చేరిన జియా టాన్ అనే పేరుగలోడు కొన్నేళ్ళు ఓపిగ్గా పనిచేసి నమ్మకం సంపాదించి, చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. దూరం నుంచి సర్వర్‌లోకి పోయే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను లేటవుతుందేంది అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి 2024 మార్చి 29న బయటపడింది. ఆ దొంగతనం కోడ్‌తో మొదలవలేదు, అలిసిపోయిన ఒక మనిషి పక్కన చోటు చూసుకోవడంతో మొదలైంది. ఆ మనిషికి రెండేళ్ళ ముందే నిజమైన తోడు ఎవరైనా దొరికుంటే అని నేను ఇప్పటికీ అనుకుంటా.

సోమవారం మేనేజర్‌కి మెయిల్ రాశా. నైట్ ఆన్‌కాల్‌కి ఇద్దరు ఉండాలి, రాత్రి చేసినోడికి పగలు ఫోన్ రాకూడదు, రిపోర్టులో కారణం దగ్గర డ్యూటీ గంటలు కూడా రాయాలి అని మూడే అడిగా. బావే ఆ డ్రాఫ్టు చదివి రెండు వాక్యాలు సరిచేశాడు. వచ్చే నెల రోస్టర్‌లో చూద్దాం అని జవాబు వచ్చింది.

నిన్న షిఫ్టు లేదు, ఏడు గంటలు పడుకున్నా, పొద్దున 138/88 చూపించింది. ఈ రాత్రి 7:30కి మళ్ళీ లాగిన్ అవ్వాలి. రోస్టర్‌లో నా పేరు పక్కన ఇంకా ఖాళీగానే ఉంది.